మెట్టవేదాంతమూ సొంత తత్త్వమూ: ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’ నవలల్లో వారసత్వ ప్రశ్న

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’నూ, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’నీ జంటగా ప్రస్తావించడం తెలుగు నవలా విమర్శలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. రెండూ 1940ల నడిమి సంవత్సరాల్లో వచ్చాయి. రెండింటిలోనూ కథ బయట జరిగేదానికంటే నాయకుడి మనస్సులో జరిగేదే ఎక్కువ. రెండింటి కేంద్రంలోనూ జీవితానికి అర్థం ఏమిటన్న ప్రశ్న ఉంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. అయితే ఈ జంటను వివరించడానికి మనం మళ్లీ మళ్లీ వాడుతున్న సూత్రం ఒకటి ఉంది: సీతారామారావుకు జీవిత తత్త్వమంటూ ఒకటి లేదు, కాబట్టి నశించాడు, దయానిధి దాన్ని వెతుక్కున్నాడు, కాబట్టి మిగిలాడు. తరగతి గదిలో చెప్పడానికీ, పరీక్ష పత్రంలో రాయడానికీ ఈ సూత్రం అనుకూలంగా ఉంటుంది. నవలలను దగ్గరగా చదివితే మాత్రం ఇందులో మొదటి సగం తప్పనీ, రెండో సగం అర్ధసత్యమనీ అనిపిస్తుంది. సీతారామారావుకు తత్త్వం కొరవడలేదు. అతనికి తత్త్వాలు ఎక్కువయ్యాయి. ఇక దయానిధి మిగిలాడన్న మాట నిజమే గాని, ఆ మిగలడానికి మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్నను మన విమర్శ తగినంతగా అడగలేదు.

విషయంలోకి వెళ్లేముందు అస్తిత్వవాదం గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఈ నవలల మీద వచ్చే పరిశోధన పత్రాల్లో సార్త్ర్, కామూల పేర్లు ఆనవాయితీగా దొర్లుతుంటాయి. పోలిక చూపడానికి అభ్యంతరం లేదు. ప్రభావం అన్నప్పుడే తేదీలు అడ్డువస్తాయి. కామూ ‘అపరిచితుడు’ ఫ్రెంచిలో వెలువడింది 1942లో, ఇంగ్లీషులోకి వచ్చింది 1946లో. ‘సిసిఫస్ పురాణం’ కూడా 1942 నాటిదే గాని, ఇంగ్లీషు పాఠకుడికి 1955 దాకా అందలేదు. సార్త్ర్ 1938లో రాసిన ‘నాసియా’ ఇంగ్లీషు అనువాదం 1949లో వచ్చింది. అస్తిత్వవాదం మానవవాదమేనని ఆయన ప్యారిస్‌లో ఉపన్యసించింది 1945 అక్టోబరులో. ‘చివరకు మిగిలేది’ ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది 1946-47లలో. ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసిన బుచ్చిబాబు విస్తారంగా చదివినవారే. షేక్స్పియర్, ఫ్రాయిడ్, రష్యన్ నవల ఆ తరానికి అందుబాటులో ఉన్నాయి. కాని ఫ్రెంచి అస్తిత్వవాదం అప్పటికింకా ఇక్కడికి చేరిన సరుకు కాదు. కాబట్టి ఈ నవలల్లోని ప్రశ్న ఎక్కడిదో తెలియాలంటే దాన్ని ఇక్కడే వెతకాలి.

వెతకడం భాషతోనే మొదలుపెట్టవచ్చు. ‘తత్త్వం’ అన్న మాటకు తెలుగు వాడుకలో కనీసం మూడు అర్థాలున్నాయి. దర్శనశాస్త్రం చెప్పే పరమార్థం ఒకటి. పోతులూరి వీరబ్రహ్మం పేరున ఊళ్లలో పాడుకునే పాట మరొకటి. మనిషి స్వభావం మూడవది. ‘వాడి తత్త్వమే అంత’ అంటాం. ఈ మూడూ ఒకే మాటలో ఇమడటం యాదృచ్ఛికం కావచ్చు. కాని ఒక మనిషి నమ్మే సిద్ధాంతానికీ, అతని స్వభావానికీ ఒకే పేరు పెట్టుకున్న భాషలో ‘నా సిద్ధాంతం వేరు, నా నడత వేరు’ అనేవాడికి నిలబడే చోటు తక్కువ. ‘తత్త్వం బోధపడింది’ అన్న పలుకుబడి ఇంకా గడుసైనది. దెబ్బతిన్నాక గాని తెలియని సంగతి తెలిసివచ్చిందని దాని భావం. ఎదుటివాడు బోధిస్తే వచ్చే జ్ఞానానికి దాన్ని వాడం. వీటన్నిటికీ ఎదురుగా ‘మెట్టవేదాంతం’ ఉంది. ఆచరణ అనే తడి లేని వైరాగ్యపు మాటలకు జనం పెట్టిన పేరు అది. ‘శ్మశాన వైరాగ్యం’ సంగతి సరేసరి. దహనవాటిక దాటగానే ఆవిరయ్యే జ్ఞానం అది. జీవితార్థాన్ని గురించిన మాటలను ఎక్కడ శంకించాలో తెలుగు సమాజానికి ఈ నవలలకు చాలా ముందే తెలుసు. సీతారామారావు కథ శ్మశానంలో ముగియడాన్ని ఈ నేపథ్యంలో చదవాలి.

సీతారామారావు కలిగిన ఇంట పుట్టినవాడు. తండ్రి పోతూపోతూ వంశగౌరవాన్ని నిలబెట్టమని కోరాడు. ఆ కోరిక కొడుకు జీవితానికి శాసనమైంది. చేయి చాచినవారికి లేదనకుండా ఇచ్చి, ఇచ్చి, ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. ఆస్తి ఉన్నన్నాళ్లు తన ఖర్చుకు ఔదార్యమని పేరు పెట్టుకున్నాడు. ఆస్తి పోయాక తన నిష్క్రియకు పెట్టుకోవడానికి పేర్లు వెతుక్కున్నాడు. ఈ పేర్లు వెతుక్కోవడమే నవలలో అసలు కథ. పని చేయకపోవడానికి అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. భార్య మీద కోపానికి మరో సిద్ధాంతం ఉంది. సంఘాన్ని అసహ్యించుకోవడానికీ, తనకు సాయపడేవారిని అనుమానించడానికీ కూడా సిద్ధాంతాలున్నాయి. ఇవన్నీ తెలివితక్కువ మాటలైతే నవల ఇంతకాలం నిలిచేది కాదు. వాటిలో చాలావరకు విడిగా చూస్తే సబబుగా కనిపించే వాదాలే. ఒక్కొక్క పుటలో పాఠకుడు అతనితో ఏకీభవించబోయి ఆగుతాడు. సంఘం కపటమైనదనడం అబద్ధమా? బంధుత్వాల వెనుక డబ్బు లేదా? ప్రశ్నలు సరైనవే. కాని అడిగే ప్రతి ప్రశ్న వెనుకా ఒక పని వాయిదా పడుతూ ఉంటుంది.

ఇక్కడ గోపీచంద్ న్యాయశాస్త్రం చదివినవారన్న సంగతి గుర్తుకు వస్తుంది. సీతారామారావు ఆలోచనల నడక సత్యం కోసం వెతికేవాడి నడక కాదు. బోనులో నిలబడి వకాల్తా నడుపుకునేవాడి నడక. ముద్దాయి తానే, వకీలు తానే. న్యాయమూర్తి స్థానంలో మాత్రం చనిపోయిన తండ్రి ఉన్నాడు. ఆ తండ్రికి వాదం వినిపించదు, తీర్పు చెప్పడం చేతకాదు. అందుకే విచారణకు అంతం లేదు. ఒక వాదం వీగిపోతే మరొకటి ఎత్తుకోవడం తప్ప అతనికి మార్గం కనిపించదు. తన జీవితాన్ని మలిచే తత్త్వం వేరు, తన జీవితాన్ని సమర్థించే తత్త్వం వేరు అన్న భేదాన్ని ఇంత నిర్దయగా చూపిన తెలుగు నవల అంతకుముందు లేదు. ‘మాలపల్లి’లో రామదాసు వేదాంతానికి, ‘వేయిపడగలు’లో ధర్మారావు స్వధర్మ నిష్ఠకు కథ వెలుపల ఒక సంప్రదాయం ఆధారంగా ఉంది. కష్టాలు ఆ తత్త్వాలను పరీక్షిస్తాయి గాని, వాటి పుట్టుకను నిలదీయవు. తత్త్వం పుట్టుకనే నిలదీసిన నవల గోపీచంద్‌ది. ‘నువ్వు నమ్మేది ఏమిటి?’ అని గాక, ‘అది నమ్మితే నీకు ఒరిగేదేమిటి?’ అని అడుగుతుంది.

ఈ నవల అంకితాన్ని తెలుగు పాఠకులు మరువరు. ఎందుకని అడగడం తనకు నేర్పిన తండ్రికి గోపీచంద్ దాన్ని అంకితం చేశారు. ఆ తండ్రి ‘సూతపురాణం’, ‘శంబుక వధ’ రాసిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. ఆయన 1943లో మరణించారు. అంటే తండ్రి పోయిన కొద్ది సంవత్సరాలకే కొడుకు రాసిన నవల ఇది. నవల లోపలా చనిపోయిన తండ్రి ఒకడున్నాడు. బయటి తండ్రి విడిచిపోయింది ఒక ప్రశ్న. లోపలి తండ్రి విడిచిపోయింది ఒక ఆజ్ఞ. రచయిత జీవితాన్ని నవలకు తాళంచెవిగా వాడటం ప్రమాదకరమని తెలిసే ఈ మాట అంటున్నాను. అంకితం పుస్తకంలో భాగం. పాఠకుడు కథకంటే ముందు చదివేది దాన్నే. ప్రశ్నను వారసత్వంగా పొందిన మనిషి, ఆజ్ఞను వారసత్వంగా పొందిన మనిషి కథను రాశాడన్న సంగతి ఆ వరుసలోనే ఉంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. సీతారామారావుకు ఎందుకని అడగడం రాదా అంటే, బాగా వచ్చు. లోకంలో ప్రతిదాన్నీ అడుగుతాడు. తండ్రి చివరి కోరిక ఒక్కదాన్ని మాత్రం అడగడు. ప్రశ్నించడం ఒక అలవాటుగా ఉండి, ప్రశ్నించవలసిన ఒక్క చోట అది పనిచేయకపోవడం అతని వైఫల్యం. హేతువాదం తన ఇంటి విద్యగా గల రచయిత ఈ సంగతి చెప్పడం విశేషం. ప్రశ్న కూడా తప్పించుకునే సాధనం కాగలదని ఆయనకు తెలుసు.

రామయ్య తాత విషయంలో నా అభిప్రాయం ప్రచారంలో ఉన్నదానికి కొంత భిన్నం. ఆ పాత్రను రచయిత వాణిగా, సీతారామారావుకు దొరికిన పరిష్కారంగా చదవడం మామూలు. తాత జ్ఞాని అనడంలో సందేహం లేదు. సీతారామారావు లోపాన్ని స్పష్టంగా చూసినవాడూ, దాన్ని అతని ముఖానే చెప్పినవాడూ ఆయనే. కాని ఆ మాటల వల్ల జరిగిందేమిటి? నవల గమనంలో ఏమీ జరగలేదు. విన్నవాడు విన్నాడు, చెడిపోయే దారిన చెడిపోయాడు. రచయిత తాత మాటలను పరిష్కారంగా భావించి ఉంటే, అవి ఎక్కడో ఒకచోట కథను తాకి ఉండేవి. తాత తత్త్వం తాత జీవితంలోంచి వచ్చింది. సీతారామారావు చెవికి చేరేసరికి అది మరో వాదంగా మారింది. వాదాలను ఎలా ఎదుర్కోవాలో అతనికి పుట్టుకతో తెలుసు. సరైన తత్త్వం సరైన సమయంలో సరైన మనిషి నోట వినిపించినా రక్షించలేదని చూపించడం ఈ నవల చేసిన సాహసం. తత్త్వవేత్తల జీవితాలనూ ఆలోచనలనూ తెలుగు పాఠకులకు పరిచయం చేస్తూ వ్యాసాలు రాసిన రచయితే ఈ సాహసం చేశారు. తాత ఉపన్యాస ధోరణి కళాపరంగా కొంచెం బరువనిపిస్తుందన్న విమర్శను ఒప్పుకోవచ్చు. అయితే ఆ బరువే ఆయన మాటలు వృథా కావడాన్ని బలంగా చూపుతుంది.

‘చివరకు మిగిలేది’ కూడా వారసత్వంతోనే మొదలవుతుంది. ఇక్కడ దాన్ని ఇచ్చింది తల్లి. అందులోనూ, ఆమె కావాలని ఇచ్చింది కాదు. ఆమె నడవడి గురించి లోకం అనుకునే మాటలు దయానిధికి ఆస్తిగా దక్కాయి. ఆజ్ఞకూ నిందకూ తేడా ఉంది. ఆజ్ఞను పాటించవచ్చు, ధిక్కరించవచ్చు. నిందను ఏం చేయాలి? అది నిజమో కాదో తేల్చే అధికారం కొడుక్కి లేదు, తేల్చినా లోకం ఒప్పుకోదు. సీతారామారావుకు వంశగౌరవం ఉంది, దాన్ని నిలబెట్టాలి. దయానిధికి నిలబెట్టడానికి ఏమీ లేదు. అందువల్ల అతని ప్రశ్న మొదటినుంచీ వేరు. ‘నేను సరైనవాణ్ణేనా?’ అన్నది సీతారామారావు వేదన. ‘నన్ను ఎవరైనా ప్రేమించగలరా, నేను ప్రేమించగలనా?’ అన్నది దయానిధి వేదన. మొదటిది వాదనను పుట్టిస్తుంది. రెండోదానికి మనుషులు కావాలి. కోమలి, అమృతం, సుశీల, ఇందిర అతని జీవితంలోకి వచ్చిపోవడాన్ని ప్రణయకథల వరుసగా చదివితే నవల పలచబడుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు దొరకడం, ఏదీ పూర్తిగా చాలకపోవడం అందులోని క్రమం.

దయానిధి వైద్యుడు కావడం చిన్న విషయం కాదు. అతని తత్త్వచింతన ఎంత దూరం పోయినా రోగి వచ్చి తలుపు తట్టినప్పుడు లేవాలి. రాయలసీమకు వెళ్లడం, అక్కడ వజ్రం దొరకడం, ఆసుపత్రి కట్టడం అన్న భాగాన్ని కొందరు కాకతాళీయమని తప్పుపడతారు. అనంతపురం సీమలో వజ్రకరూరు ప్రాంతాన వానలు పడ్డాక పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడం నేటికీ ఉన్నదే. కాబట్టి సంభావ్యత మాట అటుంచవచ్చు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ సంపద దయానిధికి తండ్రి ఇచ్చింది కాదు, తాను శ్రమపడి సంపాదించిందీ కాదు. వంశంతో, గౌరవంతో, నిందతో సంబంధం లేని సంపద అది. దాన్ని ఏం చేయాలో చెప్పే శాసనం ఏదీ లేదు. సీతారామారావు చేతిలోని ఆస్తికి తండ్రి నీడ ఉంది. దయానిధి చేతిలోని వజ్రానికి ఎవరి నీడా లేదు. ఆ స్వేచ్ఛలో అతను ఆసుపత్రి కట్టాడు. చివరకు ఆ ఆసుపత్రీ, కూడబెట్టుకున్న మంచి పేరూ కూడా చేతిలో నిలవలేదు. మిగిలింది తనతో తాను సమాధానపడటం అని నవల సూచిస్తుంది. అది సిద్ధాంతంగా రాసి పెట్టుకోదగినది కాదు, మరొకరికి బోధించదగినదీ కాదు. వాడుకలోని అర్థంలో చెప్పాలంటే, దయానిధికి తత్త్వం బోధపడింది.

దాదాపు అదే రోజుల్లో, 1946లో, నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ జర్మన్ భాషలో తన పుస్తకాన్ని ప్రచురించారు. మనిషికి అర్థం మూడు దారుల్లో దొరుకుతుందని ఆయన వాదం: చేసే పనిలో, ప్రేమలో, తప్పించుకోలేని బాధను ఎదుర్కొనే తీరులో. ఈ మూడింటినీ దయానిధి కథ తడుముతుంది. పరస్పర ప్రభావానికి ఏ అవకాశమూ లేని ఇద్దరు ఒకే చోటికి చేరారనుకోవడం ఆకర్షణీయమే. కాని పోలిక అంతటితో ఆపాలి. ఫ్రాంక్ల్ తన అనుభవం నుంచి ఒక చికిత్సా పద్ధతిని నిర్మించారు. బుచ్చిబాబు నవల పద్ధతి అనేదాన్నే అనుమానిస్తుంది.

ఇంతవరకు చెప్పింది దయానిధి పక్షాన. ఇప్పుడు మూల్యం సంగతి చూడాలి. జీవితార్థాన్ని వెతకడానికి తీరిక కావాలి. సీతారామారావు పడకమీద ఉండి లోకాన్ని ఖండిస్తున్నప్పుడు ఇల్లు నడుస్తూనే ఉంటుంది. దాన్ని నడిపేది భార్య. ఆమె సహనాన్ని అతను అర్థం చేసుకోలేకపోవడాన్ని రచయిత చూపించారు. నవల చూపు మాత్రం చాలావరకు అతని బుర్రలోనే ఉండిపోవడంతో, ఆమెకు ఈ జీవితంలో అర్థం ఎక్కడ దొరికిందన్న ప్రశ్నకు చోటు లేకపోయింది. ‘చివరకు మిగిలేది’లో స్త్రీలకు మాట ఎక్కువ, ఉనికి ఎక్కువ. అయినా ఇందిర జబ్బుపడి మరణించడం దయానిధి పరిణామంలో ఒక మెట్టుగా అమరిపోతుంది. ఆమె మరణం ఆమె కథకు ముగింపుగా కాక అతని కథకు మలుపుగా చదవబడటం మన విమర్శలోని లోపమా, నవలలోని లోపమా అంటే, రెండింటిలోనూ ఉందనే నేననుకుంటాను. వ్యక్తిగత తత్త్వాన్ని అంచనా కట్టడానికి ఆ వ్యక్తి ప్రశాంతత ఒక్కటే కొలబద్ద కాదు. దాని ఖర్చు ఎవరి లెక్కలో పడిందన్నదీ చూడాలి. ఈ కొలతతో చూస్తే సీతారామారావుకూ దయానిధికీ మధ్య మనం గీసే గీత పూర్తిగా చెరిగిపోదు గాని, పలచబడుతుంది.

గోపీచంద్ తరువాతి ప్రయాణం తెలిసిందే. ఇంటి హేతువాదం, మార్క్సిజం, ఎం.ఎన్. రాయ్ మానవవాదం దాటి ఆయన అరవిందుల తాత్త్వికత వైపు నడిచారు. ఈ మార్పులను కొందరు నిలకడలేనితనంగా, కొందరు పరిపాకంగా చూశారు. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు 1963లో, ఆయన మరణానంతరం, సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆ నవలను వివరంగా చర్చించడానికి ఇది చోటు కాదు. మరణవాక్యంతో మొదలైన రచయిత వీలునామా దాకా వచ్చారని, పోయినవారు ఉన్నవారికి ఏం విడిచిపెడతారన్న ప్రశ్న ఆయనను చివరిదాకా విడవలేదని మాత్రం గుర్తించాలి. తత్త్వాలు మారినా ఈ ప్రశ్న మారలేదు. ఆయనది నిలకడ కాదనేవారు ఈ ఒక్క నిలకడను లెక్కలోకి తీసుకోవాలి.

బుచ్చిబాబు నవలలో వారసత్వ ప్రశ్న మరింత ఇరుకైన చోట తేలుతుంది. అమృతం కూతురు దయానిధి బిడ్డేనన్నది నవలలో సూచనగానే ఉంటుంది. ఆ సూచనను దయానిధి జీవితంలోని ఒక తీపి రహస్యంగా, అతనికి మిగిలిన వాటిలో ఒకటిగా చదివి పాఠకుడు ముందుకు సాగిపోతాడు. ఒక్కక్షణం ఆగితే అక్కడున్నది అంత తేలికైన సంగతి కాదని తెలుస్తుంది. తల్లి శీలం మీది నింద నీడలో పెరిగి, ఆ నీడను వదిలించుకోవడానికే ఊళ్లు మారి, మనుషులు మారి, జీవితమంతా వెతికిన దయానిధి, మరో తల్లి మీద అదే నిందకు తావిచ్చే పని చేశాడు. తన బాల్యంలో ఊరు తన తల్లి గురించి గుసగుసలాడినట్టే, రేపు అమృతం గురించి గుసగుసలాడితే, ఆ మాటలు ఆ కూతురి చెవిన పడతాయి. అతను తనతో తాను సమాధానపడ్డాడు. ఆ అమ్మాయి ఎవరితో సమాధానపడాలో నవల చెప్పదు. దయానిధి అడిగినట్టు కూడా ఎక్కడా కనిపించదు.